లంఖణం విడిచే వేళ పొంచి ఉండే ప్రమాదం

జ్వరానికి లంఖణాలు చేసిన మనిషికి మన ఇళ్లలో ఒక్కసారిగా విందు పెట్టేవారు కాదు. ముందు గంజి, తర్వాత జావ, ఆ తర్వాతే పథ్యం. ఆ నిదానం ఎంత అవసరమో ఆధునిక వైద్యానికి తెలిసివచ్చింది మాత్రం ఇరవయ్యో శతాబ్దంలో, అదీ మరణాల నుంచి.

1873లో లండన్‌లో విలియం గల్, పారిస్‌లో చార్లెస్ లాసెగ్ తిండి మానేసి శల్యమైపోతున్న యువతుల గురించి విడివిడిగా రాశారు. ఆ జబ్బుకు అనొరెక్సియా నెర్వోసా అన్న పేరు గల్ పెట్టిందే. నాడి మందగించడం, ఒళ్లు చల్లబడడం, నెలసరి ఆగడం ఆయన గమనించాడు. నీరసం పెరిగేకొద్దీ ఆహారం అంత తక్కువ వ్యవధిలో ఇవ్వాలన్నాడు. రోగి ఇష్టాన్ని అడగనే వద్దని కూడా అన్నాడు. ఇప్పటి చెవులకు అది కటువైన మాటే.

ఆకలి ఒంటిని ఏం చేస్తుందో కొలిచి చూపింది మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఏన్సెల్ కీస్ బృందం. 1944–45లో, యుద్ధంలో ఆయుధం పట్టబోమన్న 36 మంది యువకులు ఆరు నెలల పాటు అరకడుపుతో గడిపారు. గుండె వేగం తగ్గింది, కాళ్లకు నీరు పట్టింది, చలి ఓర్చుకోలేకపోయారు. కొందరైతే వంటల పుస్తకాలు పోగుచేసుకున్నారు! రోగి మొండితనమని అనుకునే లక్షణాల్లో కొన్ని ఆకలి తెచ్చిపెట్టినవేనని దీనితో తేలింది.

అదే యుద్ధంలో జపాన్ చెర నుంచి విడుదలైన ఖైదీల్లో కొందరు తిండి దొరికాక చనిపోయారు. పస్తున్న శరీరం కొవ్వు కరిగించుకుని బతుకుతుంది. పిండి పదార్థం అందగానే ఇన్సులిన్ ఎగబాకుతుంది. రక్తంలోని ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి దూసుకుపోతాయి. రక్తంలో అవి పడిపోతే గుండె లయ తప్పుతుంది, ఊపిరికి పనిచేసే కండరాలు సడలిపోతాయి. దీన్నే రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. 1981లో అమెరికా వైద్యులిద్దరు, రక్తనాళాల ద్వారా అతిగా పోషణ ఎక్కించడంతో మరణించిన ఇద్దరు రోగుల గురించి రాశాక ఆసుపత్రుల్లో భయం పట్టుకుంది.

ఆ భయమూ వికటించింది. మరీ కొద్దికొద్దిగా పెట్టడంతో, అనొరెక్సియా రోగుల్లో ఆసుపత్రిలో చేరాక కూడా బరువు తగ్గినవారున్నారు. 2010లో బ్రిటన్ మానసిక వైద్యుల, ఫిజీషియన్ల రాయల్ కాలేజీలు తెచ్చిన మార్గదర్శకాలు ఈ రెండో ముప్పు గురించి కూడా హెచ్చరించాయి. 2022లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. ఇప్పుడు ముందుగా థయమిన్ (బి1 విటమిన్) ఇచ్చి, తొలి రోజుల్లో రక్తం తరచూ పరీక్షించి, ఫాస్ఫేట్ తగ్గితే భర్తీ చేస్తూ ఆహారం పెంచుకుంటూ పోతారు. గుండె వేగం సాధారణంగా కోలుకుంటుంది. కౌమారంలో పలచబడ్డ ఎముకలు మాత్రం బరువు తిరిగొచ్చినా చాలామందిలో పూర్తిగా గట్టిపడవు.