మన కళ్లకు మనం, ఎదుటివాళ్ల కళ్లకు మనం: కొన్ని అపోహలు - వాస్తవాలు

కౌన్సెలింగ్‌కు వచ్చేవాళ్ల నోట నేను తరచూ వినే మాట: "నా గురించి అందరూ ఏమనుకుంటున్నారో నాకు తెలుసు మేడమ్." ఎలా తెలుసని అడిగితే మాత్రం చాలామంది ఆగిపోతారు.

అపోహ: నా లోపలి కంగారంతా అందరికీ కనిపించిపోతోంది.

వాస్తవం: లోపల ఉన్నంత కంగారు బయటికి రాదు. ఒక ఇంజినీరింగ్ కుర్రాడి సంగతి చెబుతాను, గుర్తుపట్టే వివరాలు మార్చి. సెమినార్‌లో చేతులు వణికాయని, క్లాసంతా చూసిందని కాలేజీకి వెళ్లడమే మానేశాడు. నా ఎదుట మూడు నిమిషాలు మాట్లాడమని ఫోన్‌లో రికార్డు చేశాను. నలుగురిలో మాట్లాడాలంటే భయపడేవాళ్లకు చేసే చికిత్సలో ఇదొక భాగం. వీడియో చూపించేముందు, "చేతులు ఎంత వణికి ఉంటాయి? పదికి ఎంత?" అన్నాను. "తొమ్మిది" అన్నాడు. చూశాడు. వెనక్కి జరిపి మళ్లీ చూశాడు. చేతిలోని కాగితం అంచు కాస్త కదిలింది, అంతే. "రెండు వేయొచ్చేమో" అన్నాడు నెమ్మదిగా. గుండె దడ, అరచేతుల చెమట అతనికి తెలుస్తున్నాయి కాబట్టి వాటినిబట్టే తన రూపం ఊహించుకున్నాడు. ఎదుటివాళ్లకు ఆ దడ ఎలా వినిపిస్తుంది?

మీకూ ఇలా చదువో ఉద్యోగమో మానేసేంత భయం ఉంటే ఒంటరిగా నలిగిపోకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

అపోహ: అందరి కళ్లూ నా మీదే.

వాస్తవం: అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త థామస్ గిలోవిచ్ బృందం 2000లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులకు వేసుకోవడానికి సిగ్గుపడే బొమ్మ ఉన్న టీషర్ట్ వేసి, తోటివాళ్లున్న గదిలోకి పంపారు. దాదాపు సగం మంది గమనించి ఉంటారని వాళ్లు అనుకున్నారు. నిజానికి గమనించింది నాలుగో వంతే.

అపోహ: ఫొటోలో నేను బాగా పడను.

వాస్తవం: మీరు రోజూ చూసుకునేది అద్దంలోని కుడిఎడమలు మారిన ముఖం. ఫొటోలోది మీవాళ్లకు అలవాటైన ముఖం. వాళ్లకు అదే బాగుంటుంది.

అపోహ: నా గురించి నాకంటే ఎవరికి తెలుసు?

వాస్తవం: నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. మన దిగులు, ఆందోళన మనకే బాగా తెలుస్తాయి, నిజమే. మన తీరు మాత్రం పక్కనున్నవాళ్లకే ఎక్కువ కనిపిస్తుంది. "నేనెప్పుడు అరిచాను? మామూలుగానే చెప్పాను" అనే తండ్రులు అబద్ధం చెప్పరు. పిల్లాడి మేలు కోరే చెప్పానన్నది ఆయనకు గుర్తుంటుంది. పిల్లాడికి గుర్తుండేది ఆ గొంతు. ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించినప్పుడు, తండ్రికి తన గొంతు ఎంత పెద్దదో అప్పుడే మొదటిసారి తెలియడం నేను ఎన్నోసార్లు చూశాను.

అందుకే ఇంట్లోవాళ్లను అడగండి. "నేనెలాంటివాణ్ణి?" అంటే మొహమాటానికి "మంచివాడివే" అంటారు. "నిన్న రాత్రి మార్కుల గురించి మాట్లాడాను కదా, నీకెలా అనిపించింది?" అని అడగండి. వాళ్లు చెప్పడం పూర్తయ్యేదాకా మధ్యలో సర్దిచెప్పకండి.