కూచిపూడి నేర్చుకోవడం: అపోహలు - వాస్తవాలు

కొత్తగా క్లాసులో చేరేవాళ్ల అమ్మానాన్నలు ముందుగా అడిగేది ఒకటే: "మా పాప స్టేజీ ఎప్పుడెక్కుతుంది మేడమ్?" తప్పుపట్టాల్సిన ప్రశ్నేం కాదు. కానీ దాని వెనక ఉండే కొన్ని అపోహలు మాత్రం పిల్లల్ని బాగా ఇబ్బంది పెడుతున్నాయి.

అపోహ: ఇష్టం ఉంటే చాలు, నాట్యం దానంతటదే వస్తుంది.

ఇష్టం లేకపోతే ఎవరూ నిలవరు, నిజమే. అయితే మొదటి ఏడాది సాధన చూస్తే బయటివాళ్లకు విసుగొస్తుంది. అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్నట్టు నిలబడటం, తట్టుకర్ర (తాళం కోసం గురువు కొట్టే కర్ర) చప్పుడుకు అవే అడుగులు ఒకటో కాలంలో అంటే నిదానంగా, తర్వాత వేగం పెంచుతూ రెండో కాలంలో, మూడో కాలంలో వేయడం, అంతే. అందరూ మూడో కాలం కష్టమనుకుంటారు. నన్నడిగితే ఒకటో కాలమే కష్టం. వేగంలో చాలా తప్పులు కొట్టుకుపోతాయి. నిదానంగా వేసేటప్పుడు మాత్రం అరమండి నుంచి పైకి లేచిపోయే పిల్ల, చేతులు తేలేసే పిల్ల వెంటనే దొరికిపోతారు. వచ్చేసిందనుకున్న అడుగును మళ్లీ ఒకటో కాలంలో వేయడానికి గొణక్కుండా ఒప్పుకునే పిల్లే చివరిదాకా ఉంటుంది.

అపోహ: నొప్పి భరించడమే క్రమశిక్షణ.

తొడలు పట్టేయడం వేరు, మోకాలు పోటెత్తడం వేరు. అరమండిలో పాదం వేళ్లు ఎటు చూస్తుంటే మోకాలు కూడా అటే వంగాలి. పాదాలను బలవంతంగా పక్కకు తిప్పేసి, మోకాళ్లు ముందుకు వాలిపోతే ఆ మెలిక భారమంతా కీలు మీదే పడుతుంది. తుంటి దగ్గర తొడ ఎంత తిరిగితే పాదం కూడా అంతే తిరగాలి. ఇది ఒక్కొక్కరికీ ఒక్కోలా ఉంటుంది కాబట్టి పక్కపిల్లతో పోలిక వద్దు. నేల సంగతి కూడా చూడాలి. చెక్క నేల మంచిది. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో, గ్రానైట్ మీద క్లాసులు నడిపే మాలాంటివాళ్లకు ఆ అదృష్టం ఎక్కడిది? అందుకే అలాంటిచోట కాళ్లపని తగ్గించి అభినయానికి (ముఖంతో, చేతులతో భావం చూపించడానికి), తాళానికి ఎక్కువ టైమ్ ఇస్తాను. టీచర్ ఏమంటారోనని నొప్పి దాచుకునే పిల్లలే ఎక్కువ. ఆ రోజు కూర్చుని తాళం వేస్తూ చూసినా అది సాధనే.

అపోహ: గురువు కాళ్లకు మొక్కి, మారుమాట్లాడకుండా ఉంటే కళను గౌరవించినట్టే.

మొక్కండి, మంచిదే. కానీ అంతకంటే ముందు పాటకు అర్థం అడగండి. సిద్ధేంద్ర యోగి పేరుతో నిలిచిన భామాకలాపాన్నే, అంటే సత్యభామ కథతో ఆడే నృత్యనాటకాన్నే చూడండి. సత్యభామ తెర వెనక ఉండగానే జడను తెర మీదుగా ఇవతలికి వేస్తుంది. చాలామంది పిల్లలు దాన్ని అందమైన జడను చూపించడం అనుకుని ముద్దుగా చేసేస్తారు. అసలది సవాలు. విద్యలో నన్ను ఓడించేవాళ్లుంటే రండి, నేను ఓడితే ఈ జడ కోసుకోండి అని. ఇది తెలిశాక అదే పిల్ల మెడ నిలిపే తీరు మారిపోతుంది, కొత్తగా ఏ అడుగూ నేర్పక్కర్లేదు. ఇంకో సంగతి. సంప్రదాయ కలాపంలో పాత్రధారి ఆడటమే కాదు, తానే పాడాలి, మాటలు కూడా చెప్పాలి. ఇప్పుడు ఈ వాచికాన్ని, అంటే పాటను, మాటను గాయకులకు వదిలేసి పెదవులు కదుపుతూ నెట్టుకొస్తున్నాం. నాకిది నచ్చదు.

అపోహ: మగపిల్లలకెందుకు నాట్యం?

కూచిపూడి భాగవత మేళాల్లో (ఊరూరా తిరిగి ఆడే బృందాల్లో) చాలాకాలం ఆడింది మగవాళ్లే. వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామ గురించి పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆడవాళ్లు ఇంత పెద్దసంఖ్యలో ఇందులోకి వచ్చింది తర్వాతే. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారు, 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టిన వెంపటి చినసత్యం గారు లాంటి గురువులు వాళ్లకు నేర్పడంతో ఆ దారి తెరుచుకుంది.

అపోహ: ఇత్తడి పళ్లెం ఎక్కి ఆడితేనే కూచిపూడి.

పళ్లెం వచ్చేది తరంగం అనే నృత్యాంశంలో. భామాకలాపంలో పళ్లెమే లేదు. అంచును కాలివేళ్లతో పట్టుకుని, లయ తప్పకుండా ముందుకు జరపాలంటే ముందు నేల మీద అడుగు కుదరాలి. "ఈ యానివర్సరీకి పళ్లెం పెట్టండి మేడమ్" అంటే నేను పెట్టను.

అపోహ: రంగప్రవేశం (మొదటి పూర్తి సోలో ప్రదర్శన) అయితే చదువు పూర్తి, ఇక సంపాదనే.

ప్రదర్శనలు మాత్రమే చేసి ఇల్లు నడుపుతున్నవాళ్లు చాలా తక్కువ. రంగప్రవేశం ఖర్చు ఎటూ ఇంట్లోవాళ్లదే: హాలు, ఆహార్యం (దుస్తులు, నగలు, మేకప్), గాత్రం, మృదంగం, వయొలిన్, వేణువు, నట్టువాంగం (చేతాళాలు వాయిస్తూ జతులు చెప్పి నాట్యాన్ని నడిపించడం). ఆ తర్వాత కూడా చిన్న సభలు చాలావరకు ఎదురు ఖర్చే. నాట్యాన్ని నమ్ముకుని బతికేవాళ్లలో ఎక్కువమంది పాఠాలు చెబుతారు, నట్టువాంగం చేస్తారు, పక్కవాళ్లకు నృత్యాలు కూర్చిపెడతారు. అందుకే ఇంటర్ తర్వాత దీన్నే కెరీర్ చేసుకుంటామని వచ్చేవాళ్లతో ముందు చేతాళాలు పట్టిస్తాను. తాళం తప్పకుండా జతులు (అడుగులకు తగ్గ 'తకధిమి' లాంటి పలుకులు) చెప్పగలిగితే, తన ప్రోగ్రాం లేని నెలలో కూడా పక్కవాళ్ల ప్రోగ్రాంకి పిలుపొస్తుంది.