ధ్యానం నేర్చుకుంటే డిప్రెషన్ మాత్రలు మానేయవచ్చా? కొన్ని అపోహలు, వాస్తవాలు

"మేడమ్, నెల రోజులుగా ధ్యానం చేస్తున్నాను. మనసు చాలా తేలికైంది. అందుకే మాత్రలు ఆపేశాను."

నా గదిలో నేను తరచుగా వినే మాట ఇది. చెప్పేవారి ముఖం వెలిగిపోతూ ఉంటుంది. ఏళ్ల తరబడి మోసిన బరువు దించుకున్నామన్న సంతోషం అది. దాన్ని తుంచడం నాకు ఏమాత్రం ఇష్టం ఉండదు. అయినా నేను వెంటనే అడిగేది ఒకటే: "ఆపి ఎన్ని రోజులైంది?"

నేను క్లినికల్ సైకాలజిస్టును. కుంగుబాటు, ఆందోళన మళ్లీ మళ్లీ వచ్చేవారికి మైండ్‌ఫుల్‌నెస్ ధ్యానాన్ని, అంటే మనసులో, ఒంట్లో జరిగేదాన్ని ఉన్నదున్నట్టు గమనించే సాధనను, ఎనిమిది వారాల తరగతులుగా నేర్పుతాను. అది పనిచేస్తుందని నాకు గట్టి నమ్మకం. అందుకే దాని పేరు చెప్పి జనం మాత్రలు విసిరేస్తుంటే చూస్తూ ఊరుకోలేకపోతున్నాను.

అపోహ: "ధ్యానం మొదలుపెడితే ఇక మందులతో పని లేదు"

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇదే.

డిప్రెషన్ మాత్రలు ఒక్కసారిగా ఆపితే కొందరికి తల తిరుగుతుంది, వికారంగా ఉంటుంది, చిరాకు పెరుగుతుంది, తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమంటుంది. మరికొందరికి ఇవేవీ ఉండవు. ఏమీ కానివారే ఎక్కువగా మోసపోతారు. ఎందుకంటే జబ్బు తిరగబెట్టడం మాత్ర మానిన మర్నాడు జరగదు. వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఈ మధ్యకాలంలో మనిషి బాగానే ఉంటాడు. అప్పుడే ధ్యానం కూడా మొదలుపెట్టి ఉంటే, "చూశారా, మందులు లేకుండానే బాగున్నాను" అనుకోవడం సహజం. పదిమందికీ చెబుతాడు కూడా. ఆ పదిమందిలో ఒకరిద్దరు తామూ ఆపేస్తారు. వాళ్లకేమైందో చెప్పడానికి ఎవరూ తిరిగి రారు.

ఒక హైస్కూలు మాస్టారి సంగతి చెబుతాను. ఆయన్ని ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. ఆయనకు అప్పటికి మూడోసారి డిప్రెషన్ వచ్చి తగ్గింది. మాత్రలు వాడుతూ బడికి వెళుతున్నారు, పాఠాలు చెబుతున్నారు, అంతా సవ్యంగా ఉంది. ఒక పెళ్లిలో బంధువొకాయన ఆయన సంచిలో మాత్రల షీటు చూశాడట. "ఇవి పట్టుకుంటే జీవితాంతం వదలవు. తెల్లవారుజామున లేచి గంటసేపు ధ్యానం చెయ్యి, ఇవన్నీ చెత్తకుండీలో పారెయ్యి" అన్నాడట. మాస్టారు అలాగే చేశారు. మొదట్లో బాగానే ఉన్నారు. తేడాను ముందు గమనించింది ఆయన భార్య. మూల్యాంకనం చేయాల్సిన జవాబు పత్రాల కట్ట కట్టినట్టే బల్ల మీద ఉండిపోయింది. ప్రతి పరీక్షకూ ఇంటికి తెచ్చిన రాత్రే కట్ట విప్పే మనిషి ఆయన. ఆ తర్వాత నిద్ర పోయింది, తిండి పోయింది. నా దగ్గరకు వచ్చేసరికి గొంతు పెగలడం లేదు. చాలాసేపటికి అన్న మాట ఇది: "ధ్యానం కూడా చేతకాని మనిషిని మేడమ్, నాకు ఏకాగ్రతే లేదు."

ఆ మాట అంటున్నది జబ్బు. నేను దేనికీ పనికిరానని అనిపించడం డిప్రెషన్ లక్షణాల్లో ముఖ్యమైనది. మాత్రలు ఆపడం వల్ల జబ్బు తిరగబెడితే, ఆ నెపం కూడా తన అసమర్థత మీదే వేసుకున్నారాయన. కోలుకోవడానికి పనికొచ్చే సాధనం కాస్తా తనను తాను నిందించుకోవడానికి మరో కారణమైంది. ఆ బంధువు మీద నాకు ఇప్పటికీ కోపమే. మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉండవచ్చు. కానీ షుగరు మాత్ర పారెయ్యమని ఆయన ఎవరికీ చెప్పడు కదా!

సైకియాట్రిస్టు మళ్లీ మందులు మొదలుపెట్టారు. నిద్ర, ఆకలి కుదుటపడి, ఒక పేజీ చదివితే బుర్రకెక్కే స్థితి వచ్చాకే ఆయన్ని నా తరగతిలో చేర్చుకున్నాను. కృష్ణకు వరద వచ్చిన రోజున ఎవరికీ ఈత నేర్పం. డిప్రెషన్ తీవ్రంగా ఉన్న మనిషిని కళ్లు మూసుకుని తన ఆలోచనలతో ఒంటరిగా కూర్చోమంటే ఆ ఆలోచనలే మింగేస్తాయి. తగ్గాక నేర్చుకుంటే, మళ్లీ రాకుండా చూసుకోవడానికి అది పనికొస్తుంది.

"ధ్యానం మాత్రలతో సమానమని ఇంగ్లండులో రుజువైంది కదా" అనేవారూ ఉంటారు. ఆ మాటకు మూలమైన పరిశోధన నిజంగానే ఉంది. 2015లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. అందులో ఎవరున్నారో చూడండి. మొత్తం 424 మంది. అందరికీ అప్పటికే మూడుసార్లు లేదా అంతకంటే ఎక్కువసార్లు డిప్రెషన్ వచ్చింది, మందులతో తగ్గింది, మళ్లీ రాకుండా మాత్రలు వాడుతున్నారు. సగం మంది మాత్రలు కొనసాగించారు. మిగతా సగం మంది ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ తరగతులకు వెళ్లి, తమ డాక్టరు పర్యవేక్షణలో మాత్రలను మెల్లమెల్లగా తగ్గించుకుంటూ వచ్చారు. రెండేళ్లలో జబ్బు తిరగబెట్టినవారు ధ్యానం చేసినవారిలో 44 శాతం, మాత్రలు కొనసాగించినవారిలో 47 శాతం. దాదాపు సమానమే. అయితే రెండు వైపులా దగ్గర దగ్గర సగం మందికి మళ్లీ వచ్చిందన్న సంగతి ఎవరూ చెప్పరు. మాత్రలు మానాలని మనస్ఫూర్తిగా కోరుకునేవారికి డాక్టరు తోడుగా నడవదగిన ఇంకో దారి ఉందని మాత్రమే ఆ పరిశోధన చెబుతోంది. రాత్రికి రాత్రి ఆపేసి తెల్లారి పద్మాసనం వేసినవారు అందులో ఒక్కరు కూడా లేరు.

మాత్రలకు బానిసలవుతామన్న భయం ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలుసు. మా పెద్దమ్మ డిప్రెషన్ మాత్రలను వంటింట్లో మెంతుల డబ్బా అడుగున దాచేది. బీపీ మాత్రలు మాత్రం ఫ్రిజ్ మీద అందరికీ కనిపించేలా ఉండేవి. చుట్టాలొచ్చిన రోజుల్లో ఆ డబ్బా తియ్యడానికి వీలుకాక మాత్ర తప్పిపోయేది. దాచుకోవాల్సిన పరిస్థితిని ఆమెకు కల్పించింది మనమే. ఇప్పుడు ఎక్కువగా రాస్తున్న డిప్రెషన్ మందులు మద్యంలా ఇంకా ఇంకా కావాలని ఆరాటపెట్టవు. ఒంటికి అలవాటుపడినందువల్ల హఠాత్తుగా ఆపితే ఇబ్బంది పెడతాయి, అందుకే మెల్లగా తగ్గిస్తారు. మొదటిసారి జబ్బు తగ్గాక కూడా సాధారణంగా కనీసం ఆరు నెలలు వాడమంటారు. పదేపదే వచ్చేవారికి రెండేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మీకు ఎంతకాలమన్నది మీ డాక్టరే చెప్పాలి. నేను కాదు, మీ ఎదురింటాయన అసలే కాదు.

అపోహ: "ఆలోచనలు ఆగకపోతే ధ్యానం కుదరనట్టే"

ఆలోచనలు ఆగవు. ఆపడం ఈ సాధన లక్ష్యం కూడా కాదు.

1979లో అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో జాన్ కబట్-జిన్ దీర్ఘకాలిక నొప్పులతో బాధపడేవారికి బౌద్ధ సాధనల ఆధారంగా ఈ శిక్షణ మొదలుపెట్టారు. తర్వాత జిండెల్ సీగల్, మార్క్ విలియమ్స్, జాన్ టీస్‌డేల్ దాన్ని డిప్రెషన్ తిరగబెట్టకుండా ఉండటానికి మలిచారు. వారు గమనించిన విషయం ఇది. ఒకసారి డిప్రెషన్ వచ్చిన మనిషికి మామూలు దిగులు చాలు, పాత ఆలోచనల వరస మొత్తం తిరిగి లేవడానికి. ఎవరో ఫోను ఎత్తలేదు. "నేనంటే వాళ్లకు లెక్కలేదు." "ఎవరికీ లెక్కలేదు." "నా బతుకే ఇంత." మూడు నిమిషాల్లో మనిషి బావి అడుగున ఉంటాడు. ఆ వరసలో మొదటి మాట దగ్గరే "ఇదిగో, ఇది ఆలోచన" అని గుర్తుపట్టడమే మా తరగతిలో నేర్పేది.

నేర్పే తీరు చాలా సాదాగా ఉంటుంది. చాప మీద పడుకోబెట్టి శరీరంలో ఒక్కో భాగం మీదా ధ్యాస ఉంచమంటాం. ఎడమ మడమ దగ్గర మొదలవుతుంది. మోకాలి దాకా వచ్చేసరికి ఒక తల్లి మనసు కూతురి ఎప్‌సెట్ ర్యాంకు మీదకు పోతుంది. పోయిందని ఆమెకు కాసేపటికి తెలుస్తుంది. తిట్టుకోకుండా మళ్లీ మోకాలి దగ్గరకు రావాలి. ఈసారి తొడ దాకా వస్తుంది, గ్యాస్ బుక్ చేయలేదని గుర్తొస్తుంది. మళ్లీ రావాలి. అలా ముప్పైసార్లు పోయి ముప్పైసార్లు తిరిగొచ్చిన ఆవిడ నాతో "ఇవాళ అస్సలు కుదరలేదు మేడమ్" అంటుంది. ఆవిడ చేయాల్సిన సాధన సరిగ్గా అదే. పోయిన సంగతి తెలియడం, తిరిగి రావడం.

మాస్టారు ఇప్పుడు జబ్బు తిరగబెడుతోందని చెప్పే గుర్తులు తానే రాసి పెట్టుకున్నారు. తెల్లవారుజామున మూడింటికి మెలకువ రావడం, తమ్ముడి ఫోను ఎత్తబుద్ధి కాకపోవడం, గడ్డం గీసుకోవడం వాయిదా వేయడం. వీటిలో రెండు వరసగా కనిపిస్తే ఆయన భార్యకు చెబుతారు, డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకుంటారు.

అపోహ: "భయంగా ఉన్నప్పుడు ఊపిరి మీద ధ్యాస పెడితే తగ్గిపోతుంది"

కొందరికి తగ్గుతుంది. పానిక్ వచ్చేవారిలో, అంటే ఒక్కసారిగా తీవ్రమైన భయం ముంచుకొచ్చేవారిలో, కొందరికి పెరుగుతుంది కూడా. ఊపిరి ఆడదేమో, గుండె ఆగుతుందేమో అని ఇప్పటికే కాపలా కాస్తున్న మనిషిని ఇంకాస్త కాపలా కాయమన్నట్టు అవుతుంది. అలాంటివారు ధ్యానం తమకు పడదని వెళ్లిపోతారు. దయచేసి వెళ్లిపోకండి. కళ్లు తెరిచే ఉంచండి. ధ్యాసను పాదాల మీదకు, నేల తగిలే చోటికి తెచ్చుకోండి, లేదా బయట వినిపించే శబ్దాల మీద పెట్టండి. అదీ కష్టంగా ఉంటే లేచి నెమ్మదిగా నడవండి. నడుస్తూ చేసేదీ ధ్యానమే.

ఆందోళన జబ్బులకు ఈ శిక్షణ బాగా పనిచేస్తుందనడానికి మంచి ఆధారమే ఉంది. 2022లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో 276 మందిని తీసుకుని ఎనిమిది వారాల శిక్షణను ఆందోళనకు, డిప్రెషన్‌కు వాడే ఎస్సిటాలోప్రామ్ మాత్రతో పోల్చి చూస్తే ఆందోళన రెండింటితోనూ దాదాపు ఒకే స్థాయిలో తగ్గింది. అయితే అక్కడ శిక్షణ అంటే వారానికి రెండున్నర గంటల తరగతి, ఇంట్లో రోజూ 45 నిమిషాల సాధన, ఒక రోజంతా సాగే తరగతి, నేర్పడానికి అనుభవమున్న గురువు. పడుకునే ముందు ఫోనులో అయిదు నిమిషాల ఆడియో వినడానికి ఆ ఫలితాన్ని అంటగట్టకూడదు. అలాగని ఆడియోలు వద్దనను, అలవాటు చేసుకోవడానికి పనికొస్తాయి.

మిగతావి క్లుప్తంగా

పద్మాసనం తప్పనిసరి అంటారు. కాదు, కుర్చీలో కూర్చోవచ్చు. మోకాళ్ల నొప్పులున్నవారు పట్టుదలకు పోయి నేల మీద కూర్చోకండి.

తెల్లవారుజామునే చేయాలంటారు. డిప్రెషన్ ఉన్నవారికి నిద్ర అన్నిటికంటే ముఖ్యం. నిద్ర చెడగొట్టుకుని చేసే ధ్యానం వద్దు.

ఇది ఫలానా మతానిదని క్రైస్తవులు, ముస్లింలు వెనకాడుతుంటారు. మూలం బౌద్ధంలో ఉన్న మాట నిజం. కానీ చికిత్సగా నేర్పే తరగతిలో మంత్రం, పూజ, దేవుడి పటం ఉండవు. నా తరగతుల్లో అందరూ ఉంటారు.

పిల్లలందరికీ బడిలో నేర్పితే భవిష్యత్తులో డిప్రెషనే రాదని చెబుతుంటారు. బ్రిటన్‌లో వేలాది మంది బడి పిల్లల మీద చేసి చూశారు. 2022లో ఫలితాలు వచ్చాయి. మామూలు పాఠాలకంటే అదనపు మేలేమీ కనబడలేదు.

పది రోజుల మౌన శిబిరాల గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి. మన దగ్గర హైదరాబాదులోనూ ఇలాంటి శిబిరాలు జరిపే విపశ్యన ధ్యాన కేంద్రం ఉంది, ఎంతోమందికి మేలు జరిగింది. కానీ అవి చికిత్సా శిబిరాలు కావు. దరఖాస్తులోనే మానసిక సమస్యల గురించి, వాడుతున్న మందుల గురించి అడుగుతారు. సీటు రాదేమోనని ఆ గడిలో "లేవు" అని రాసి వెళ్లేవారున్నారు. ఆ అబద్ధం మీకే ప్రమాదం. రోజుకు పది గంటలు మౌనంగా కూర్చున్నప్పుడు పాత గాయాలు పైకి లేస్తే, అక్కడివారికి మీ సంగతి తెలిసి ఉండాలి.

చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే ధ్యానం గురించిన చర్చే అనవసరం. ఇంట్లో ఒకరికి చెప్పండి, 14416కు ఫోను చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ సేవ. ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

నేర్చుకోవాలనుకునేవారు చేరేముందు నేర్పేవారికి మీ గతం చెప్పండి. "అవన్నీ మరిచిపోండి, ఇక్కడికొచ్చాక ఏ జబ్బూ ఉండదు" అన్నారంటే లేచి వచ్చేయండి. "మందులు ఏమైనా వాడుతున్నారా? డాక్టరుకు తెలుసా? ఈ మధ్య నిద్ర ఎలా ఉంటోంది?" అని అడిగారంటే అక్కడ పేరు రాయించుకోండి.