కార్బన్ ఫాయిల్ మరమ్మతు: అపోహలు - వాస్తవాలు

"పగులులో ఎపాక్సీ నింపి, నున్నగా రుద్ది, రంగు వేశాను. మళ్లీ అక్కడే విరిగింది. రెజిన్ నాసిరకమా?" కార్బన్ పోగులతో చేసిన పడవ ఫాయిళ్ల (నీళ్లలో ఉండే చుక్కాని, డాగర్‌బోర్డు లాంటి పలకల) గురించి ఈ ప్రశ్న వినీ వినీ విసుగొచ్చింది. రెజిన్‌ది, అంటే ఆ ఎపాక్సీ జిగురుది, తప్పేమీ లేదు.

అపోహ: పగులులోకి రెజిన్ దింపితే ఫాయిల్ అతుక్కుంటుంది.

వాస్తవం: డాగర్‌బోర్డు (పడవ పక్కకు కొట్టుకుపోకుండా అడుగున దించే పలక) వంగినప్పుడు ఒకవైపు పైపొర సాగుతుంది, రెండో వైపు నొక్కుకుంటుంది. ఆ ఒత్తిడిని మోసేవి నిలువునా పరిచిన పోగులు. రెజిన్ వాటిని కదలకుండా పట్టి ఉంచుతుంది, అంతే. తెగిన పోగుల మధ్య ఎపాక్సీ పోయడం తెగిన తాడు కొసల మధ్య జిగురు పూయడమే. కొత్త పోగులు పడాలి, వాటికి పాత లామినేటు (పోగులు, రెజిన్ కలిసి గట్టిపడిన పొరలు) మీద చాలినంత పట్టు దొరకాలి. అందుకే పగులుకు రెండు వైపులా ఏటవాలుగా రుద్దుతాం. 2 మిల్లీమీటర్ల మందానికి 20 రెట్ల వాలంటే ఒక్కో వైపు 40 మిల్లీమీటర్లు. బాగున్న భాగాన్ని అంత అరగదీయాలంటే ఎవరికైనా చేతులు వణుకుతాయి. ఆ భయం నాకు తెలుసు, అయినా రుద్దాల్సిందే. రుద్దుతుంటే పొరలు పట్టీలు పట్టీలుగా బయటపడతాయి. ఏ పట్టీలో పోగులు ఎటు నడిస్తే, కొత్త పొర కూడా అటే.

ఒకాయన తెచ్చిన చుక్కాని చూడముచ్చటగా మెరుస్తోంది. నాణెంతో తట్టుకుంటూ వస్తే ఒకచోట టక్కుమనే మోత కాస్తా బోలుగా మారింది. రంగు గీకితే లక్కలా గట్టిపడిన పుట్టీ, దాని కింద విడిపోయిన పోగులు, ఇంకా కిందికి పోతే చుక్కాని లోపల నింపిన ఫోము, అదీ తడిసి. వేలితో నొక్కితే నీళ్లూరాయి. ఎవరో చెప్పిన మాట నమ్మి ఎంతో ఓపిగ్గా చేసుకున్న పని అది, ఆయన్ను ఏమంటాం? ఆ తడి పూర్తిగా ఆరాకే మూయాలి. లేదంటే ఎండకు లోపలి తేమ ఉబ్బి కొత్త అతుకును లేపేస్తుంది.

మిగతావి గబగబా. హార్డెనర్ (రెజిన్ గట్టిపడటానికి కలిపే ద్రవం) ఎక్కువ పోస్తే త్వరగా ఆరుతుందన్నది ఉత్త పుకారు. మిగిలిపోయిన హార్డెనర్ వల్ల అతుకు మెత్తబడుతుంది. తొందరగా కావాలంటే వేగంగా ఆరే రకం కొనండి, పాళ్లు మార్చకండి. ఆరిన ఎపాక్సీ మీద జిడ్డు కనిపిస్తే ముందు నీళ్లతో కడగాలి, తర్వాతే ఉప్పుకాగితం. కార్బన్ తుప్పు పట్టదన్నది నిజమే, కానీ ఉప్పునీటిలో తనను తాకుతున్న అల్యూమినియాన్ని తినేస్తుంది. రెండింటి మధ్యలో ఒక గ్లాస్ ఫైబర్ పొర వేయండి. రుద్దేటప్పుడు తడిపి రుద్దండి, మాస్కు తీయకండి.

కొత్త పొరలను నొక్కిపట్టే వాక్యూమ్ పంపు లేనిదే ఇంట్లో చేయలేమా? చిన్న అతుకుకు పీల్ ప్లై (రెజిన్ ఆరాక ఊడదీసే గుడ్డ), పైన ప్లాస్టిక్ షీటు, ఫోము, బరువులు చాలు. పడవను నీటిపైకి లేపే హైడ్రోఫాయిల్లో నిలువు, అడ్డ భాగాలు కలిసే చోట పగిలితే మాత్రం ఇంట్లో ముట్టుకోకండి, వృత్తి నిపుణులకు ఇవ్వండి.