వడ్ల గోదాముకు కొత్త పని

చెన్నై

చిరంజీవులైన పిల్లలకు మీ తాతయ్య ఆశీస్సులు.

జార్జ్‌టౌన్‌లో మన వీధి చివరనున్న పాత వడ్ల గోదామును పుస్తకాలు చదువుకొనేందుకు, సాయంత్రాలు పాటలు, నాటకాలు నేర్చుకొనేందుకు అనువుగా బాగుచేయాలని పెద్దలు తీర్మానించారని విని, దానిని కూలగొట్టి కొత్తది కడితే త్వరగా అయిపోతుంది కదా అని మీరు అడిగారు. కూలగొట్టడం త్వరగానే అవుతుంది. కాని అంత మందపు గోడలు, అటువంటి బర్మా టేకు దూలాలు మళ్ళీ పెట్టించాలంటే మన చందాలు చాలవు.

అటువంటి కట్టడంలో ముందుగా చూడవలసింది నీరు ఎక్కడినుండి వస్తున్నదన్న సంగతి. గోడలకు రంగులు వేయడం గురించి మాట్లాడే ఉత్సాహవంతులు ప్రతి సమావేశంలోనూ ఉంటారు, వారిని కొంతకాలం ఆగమనాలి. మన ఊరికి అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాల వానలు ముఖ్యం గనుక పైకప్పు పని సెప్టెంబరులోపే ముగియాలి. పెంకులు దించాక దూలాల చివరలు చూడాలి. గోడలోపలికి దిగిన చోట గాలి తగలక, చెమ్మ పట్టి, పైకి గట్టిగా కనబడే టేకు కూడా లోపల కుళ్ళి ఉంటుంది. స్క్రూడ్రైవరుతో పొడిస్తే పిండిలా రాలుతుంది. అంతమాత్రాన దూలమంతా పారవేయనక్కరలేదు, కుళ్ళిన ముక్క కోసి కొత్త టేకు అతికించగల వడ్రంగి దొరికితే చాలు. ఇక వీధి సంగతి: తారు మీద తారు పోసి రోడ్డు ఎత్తు పెంచుతూ పోవడం వల్ల గోదాము గడప ఇప్పుడు రోడ్డుకన్న పల్లమై, వాననీరు పునాదిలోకి దిగుతున్నది. చుట్టూ కాలువ తీయకుండా లోపల ఏమి చేసినా వృథా.

తరువాతిది సున్నం. పాత గోడలలోని ఇటుక మెత్తనిది, దానిని పట్టి ఉంచింది గానుగలో రుబ్బిన డంగు సున్నం. ఆ గోడ చెమ్మను పీల్చుకొని, ఎండలో మళ్ళీ బయటికి వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోయి, నీటితో వచ్చిన ఉప్పు లోపలే గడ్డకట్టి ఇటుకను పొడిగా రాలుస్తుంది. పై పూత మాత్రం కొన్నేళ్ళు నున్నగానే కనబడుతుంది. సున్నపురాయిని దాదాపు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు పోతుంది. నీళ్ళు పోసి ఆర్పి, ఇసుకతో కలిపి గోడకు పూసిన తరువాత అది గాలిలోనుండి ఆ వాయువునే నెమ్మదిగా తీసుకొని తిరిగి రాయిగా మారుతుంది. అందుకే పలుచని పూతలు వేసి, రోజుల తరబడి తడుపుతూ ఉండాలి. మన మేస్త్రీలు కరక్కాయలు నానబెట్టిన నీరు, బెల్లపు నీరు కలిపేది ఈ సున్నంలోనే. గవ్వలను కాల్చిన సున్నంతో పాలరాయిలా మెరిసే పూత వేయడంలో మద్రాసు పనివారికి ఒకప్పుడు పెద్ద పేరుండేది.

కొత్త అవసరాలు గోదాముకు సరిపడేలా ఉండాలి. కిటికీలు చాలవని గోడలు పగలగొట్టరాదు. మంగళూరు పెంకుల నడుమ అక్కడక్కడ గాజు పెంకులు పెడితే చదువుకు వెలుతురు వస్తుంది. మరుగుదొడ్లు విడిగా బయట కట్టాలి, నీటి గొట్టాలు పాత గోడలలోకి పోకూడదు. కరెంటు తీగలు గోడ తొలచకుండా పైపైనే వేయాలి. చక్రాల కుర్చీకి వాలుదారి, బయటికి తెరుచుకొనే రెండవ తలుపు తప్పనిసరి. వడ్ల బస్తాలు మోసిన నేల పుస్తకాల బీరువాలను సులభంగా మోస్తుంది. అటక మీద మాత్రం పెట్టకండి.

వాడకంలో లేని కట్టడంలో కప్పు కారినా చూసేవారుండరు. సెంట్రల్ స్టేషను దగ్గరి విక్టోరియా పబ్లిక్ హాలుకు 1883లో విజయనగరం మహారాజు పూసపాటి ఆనంద గజపతిరాజుగారు శంకుస్థాపన చేశారు. పట్టణవాసులు సభలకూ నాటకాలకూ కట్టుకొన్న ఆ హాలే దశాబ్దాలపాటు మూతబడి శిథిలమైంది.

మీరు చేయవలసిన పని ఒకటుంది. ఏ దూలమైనా, తలుపైనా కదిలించేముందు దానికి సుద్దతో అంకె వేసి, కొలతలు నోటుపుస్తకంలో రాసి, ఫోటో తీయండి. తిరిగి బిగించేటప్పుడు వడ్రంగి మొదట అడిగేది ఆ పుస్తకమే. కప్పు దించే రోజున నిచ్చెనల దగ్గరికి మాత్రం రావద్దు.

ఇట్లు,
మీ తాతయ్య