గోరు ఆగిన చోట

మా బావ ట్రాక్టర్‌కు ముందు లోడర్ బకెట్ ఉంటుంది. వరంగల్ చుట్టుపక్కల చెరువులు ఎండితే దానికి చేతినిండా పని. పూడికమట్టి ఎత్తడం, ట్రాలీల్లో పోయడం. పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం బకెట్‌ను నడుమెత్తున ఆపి, ఇంజన్ బంద్ చేసి, తుమ్మచెట్టు కింద సద్ది విప్పాడు. తిని చేతులు కడుక్కునేసరికి బకెట్ నేలకు ఆని ఉంది. లివర్ ఎవరూ ముట్టలేదు.

"పిస్టన్ సీలు పోయింది, కిట్ వేయించాలె" అన్నాడు బావ. ఎవరినడిగినా అదే చెబుతారు. బకెట్‌ను ఎత్తేది జాక్ అనే ఇనుప గొట్టం, లోపలి పిస్టన్‌ను ఆయిల్ నెడితే దానికి బిగించిన రాడ్ బయటికి సాగుతుంది. పిస్టన్ చుట్టూ ఆయిల్ జారకుండా ఆపేది సీలు, కిట్ అంటే కొత్త సీళ్ళ జత. నిజానికి ఆ ఒక్క సీలు పోతే బకెట్ అంత కిందికి రాదు.

మూసిన చోట ఉన్న ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులా సమానంగా పాకుతుందని పాస్కల్ 17వ శతాబ్దంలోనే చెప్పాడు. జాక్ లోపలి వ్యాసం 80 మిల్లీమీటర్లు అనుకోండి. పిస్టన్ వైశాల్యం సుమారు 50 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 150 కిలోల ఒత్తిడి పెడితే ఆ ఒక్క జాక్ ఏడున్నర టన్నుల బలంతో తోస్తుంది. బకెట్ దగ్గరికొచ్చేసరికి అందులో కొంతే మిగులుతుంది. జాక్ మూరెడు సాగితే బకెట్ మనిషెత్తు లేస్తుంది మరి, దూరం పెరిగినంత బలం తగ్గాల్సిందే.

లివర్ మధ్యలో ఉంటే జాక్‌కు రెండు వైపులా దారులు మూసుకుంటాయి. రాడ్ లోపలికి దిగాలంటే అది ఆక్రమించే చోటులోని ఆయిల్ ఎక్కడికో పోవాలి. పిస్టన్ సీలు అరిగితే ఆయిల్ కింది గదిలోంచి పై గదిలోకి జారుతుంది, అంతేగాని జాక్ దాటి పోలేదు. బకెట్ కాస్త కుంగి ఆగిపోతుంది. పైపులు బాగుంటే ఆయిల్‌కు ఇక మిగిలేవి రెండు దారులు: లివర్ కింది వాల్వులోంచి ట్యాంకుకు, లేదంటే రాడ్ బయటికొచ్చే మూతి దగ్గర బయటికి. జాక్ పొడిగా ఉండి బకెట్ దిగుతుంటే ముందు వాల్వును అనుమానించాలి. కిట్ డబ్బులు మిగులుతాయి.

బావ జాక్ పొడిగా లేదు. మూతి చుట్టూ ఆయిల్, దుమ్ము కలిసి నల్లటి ముద్ద కట్టింది. మెకానిక్ రాడ్‌ను మెత్తటి గుడ్డతో తుడిచి, బొటనవేలి గోరును పొడవునా మెల్లగా జరిపాడు. ఒకచోట గోరు ఆగింది. కంటికి అక్కడ సన్నని గీత తప్ప ఏమీ లేదు.

రాడ్ మీద మెరిసేది క్రోమ్ పూత. చాలా గట్టిది, మట్టి దాన్ని తేలిగ్గా గీయలేదు. కానీ రాయి ఎగిరి తగిలితే పూత కింది ఉక్కు సొట్టపోతుంది, పైన పొర పగులుతుంది, పగుల్లో తుప్పు పుడుతుంది. ఆ అంచు వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ రబ్బరు సీలును కోస్తుంటుంది. కోసిన సందులోంచి ఆయిల్ బయటికి, దుమ్ము లోపలికి. చిన్న గీత అయితే సన్న సానరాయితో అంచు మొద్దు చేసి నడపొచ్చు, గుంటైతే పూత మళ్ళీ వేయించాల్సిందే.

అసలు శత్రువు ఆ దుమ్మే. మన చల్క నేలలు గ్రానైటు అరిగి ఏర్పడినవి, వాటి ఇసుకలో ఎక్కువ క్వార్ట్జ్. మామూలు ఇనుము కన్నా గట్టిది. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. జాక్‌కు ఆయిల్‌ను నెట్టే పంపు లోపల కదిలే భాగాల మధ్య సందు చాలాచోట్ల అందులో ఆరో వంతు కూడా ఉండదు. అంటే కంటికి కనిపించని రేణువే అక్కడ ఆకురాయి. ఈ విషయంలో మా తప్పూ ఉంది. గాలి లేస్తున్న పూట, పాత బాల్చీలోంచి, మూత తీసి చాలాసేపు ఉంచి ఆయిల్ పోశాం. పైగా చాలా ట్రాక్టర్లలో గేర్‌బాక్సుకూ లిఫ్టుకూ ఒకటే ఆయిల్. పళ్ళు అరిగిన ఇనుప పొడి కూడా అందులోనే తిరుగుతుంది. ఫిల్టర్ మార్చడానికి బద్ధకిస్తే పంపు మార్చుకోవాల్సి వస్తుంది.

కరిగెట చేసే రోజుల్లో, అంటే నాట్లకు ముందు పొలాన్ని దమ్ము చేసేటప్పుడు, ఆయిల్‌లోకి నీళ్ళు దిగుతాయి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీరు చేరినట్టే, మార్చేయాలి. నురగ వస్తూ పంపు కూతపెడుతుంటే గాలి పీలుస్తోందని అర్థం.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. పైపు ఎక్కడ కారుతోందో చేత్తో తడిమి చూడొద్దు. సూదిమొన రంధ్రంలోంచి దూసుకొచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. మొదట చీమ కుట్టినట్టే ఉంటుంది. ఆ వెంటనే ఆసుపత్రికి వెళ్ళకపోతే వేలు, ఒక్కోసారి చెయ్యే పోవచ్చు. అట్టముక్క పట్టుకుని చూడండి. పైపు విప్పే ముందు బకెట్ నేలకు దించి, ఇంజన్ ఆపి, లివర్ అటూ ఇటూ కదపండి.

బకెట్ కీళ్ళలోని పిన్నులకు గ్రీసు కొట్టేటప్పుడు ముందు నల్లగా వస్తుంది, పాత గ్రీసూ ఇసుకా కలిసి. శుభ్రమైనది బయటికొచ్చేదాకా కొట్టాలి.

బావ ఇప్పుడు సద్దికి కూర్చునే ముందు బకెట్‌ను నేలకు దించుతున్నాడు. అలా దించితే బకెట్‌ను మోసే ఇనుప చేతులను ఎత్తే జాక్‌ల రాడ్లు లోపలికి పోయి దాక్కుంటాయి, దుమ్ము పట్టదు. ఆదివారం మాత్రం వాటిని బయటికి తీసి, ఆ ఇనుప చేతుల కింద మొద్దులు ఆనించి, గుడ్డతో తుడిచి, గోరు జరిపి చూస్తాడు.