సూత్రం ముందా, జాబితా ముందా: యూదు ధర్మంలో స్త్రీల మినహాయింపు

యూదు ధర్మశాస్త్రంలో స్త్రీల విధుల గురించి వాదం మొదలైతే అది మిష్నా అనే యూదు ధర్మసూత్రాల సంకలనంలోని ఒక వాక్యం దగ్గరికి చేరక తప్పదు. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన ఆ సంహిత కిద్దుషిన్ భాగంలో ఇలా చెబుతుంది: ఫలానా వేళలోనే చేయాల్సిన విధులు పురుషులకు తప్పనిసరి, స్త్రీలకు మినహాయింపు, వేళతో పనిలేనివి ఇద్దరికీ. నిషేధాలైతే, మూడు తప్ప, అన్నీ ఇద్దరికీ వర్తిస్తాయి.

మిష్నాపై తర్వాతి పండితుల చర్చల సంపుటి తాల్ముద్ ఉదాహరణలిచ్చింది. పర్ణశాలల పండుగకు పర్ణశాలలో ఉండడం, కొత్త సంవత్సరం పండుగకు పొట్టేలు కొమ్ము ఊదగా వినడం మొదటి రకం. డాబాకు పిట్టగోడ కట్టడం, దొరికిన వస్తువును సొంతదారుకు చేర్చడం రెండో రకం. చిక్కు ఆ వెంటనే వచ్చింది. ఈజిప్టు దాస్యం నుంచి విడుదలను స్మరించే పస్కా పండుగ రాత్రి పులియని రొట్టె తినడం అచ్చంగా కాలబద్ధమే, అయినా స్త్రీలు తినాల్సిందే. తోరా (యూదుల పవిత్ర ధర్మగ్రంథం) అధ్యయనానికి వేళ లేదు, అయినా అది వారికి విధి కాదు. సాధారణ సూత్రాలను పట్టుకుని తీర్పు చెప్పకూడదని తాల్ముద్‌లో రబ్బీ (ధర్మ పండితుడు) యోహానాన్ తేల్చేశాడు. అంటే జాబితా ముందు పుట్టి, సూత్రం తర్వాత వచ్చిందనే అనుమానం బలపడుతుంది.

అసలు ఏది కాలబద్ధం? బట్టల అంచులకు కట్టుకోవాల్సిన కుచ్చుల సంగతే చూడండి. వాటిని 'చూసి' ఆజ్ఞలను తలచుకోవాలని తోరాలోని సంఖ్యాకాండం అంటుంది. రాత్రి కనపడవు కనుక ఇది పగటి విధి, స్త్రీలకు లేదు అన్నాడు రబ్బీ షిమోన్. మిగతా పండితులు ఒప్పుకోలేదు. తాల్ముద్ పండితుడు రవ్ యెహూదా తన భార్య పైవస్త్రానికి స్వయంగా కుచ్చులు కట్టాడు. చివరికి షిమోన్ మాటే నెగ్గింది. ఒక్క క్రియాపదం అర్థం మారితే స్త్రీల విధి మారిపోయేది!

మినహాయింపుకు కారణం మిష్నా చెప్పలేదు. భర్త పనికీ దేవుని ఆజ్ఞకూ మధ్య భార్య నలిగిపోకూడదని 14వ శతాబ్దపు స్పెయిన్‌లో అబుదర్హమ్ అనే పండితుడు రాశాడు. స్త్రీల భక్తి సహజంగానే గాఢమైనది, వారికి ఇన్ని గుర్తులు అక్కర్లేదని 19వ శతాబ్దపు జర్మనీలో రబ్బీ హిర్ష్ వాదించాడు. మొదటిది ఇంటి అధికారాన్ని దాచకుండా ఒప్పుకుంటుంది. రెండోది అదే ఫలితానికి పొగడ్త తొడుగుతుంది.

మినహాయింపు ఉన్నా స్త్రీలు ఇష్టపడి ఆచరిస్తే అడ్డులేదు. అయితే ఆ విధికి ముందు 'మాకు ఆజ్ఞాపించిన దేవా' అంటూ చెప్పే ఆశీర్వచనం కూడా పలకవచ్చా? పలకవచ్చని 12వ శతాబ్దంలో ఫ్రాన్స్ పండితుడు రబ్బేను తామ్, కూడదని అదే కాలపు ధర్మశాస్త్రకారుడు మైమొనిడీస్ అన్నారు. అష్కెనాజీలు (మధ్య, తూర్పు ఐరోపా మూలాల యూదులు) తామ్ మాటను అనుసరించారు. సెఫార్దీలలో (స్పెయిన్ మూలాల యూదులలో) చాలామంది మైమొనిడీస్ మాటకు కట్టుబడ్డారు. సంప్రదాయానికీ ఆధునికతకూ మధ్యస్థంగా నిలిచే, అమెరికాలోని కన్సర్వేటివ్ యూదు శాఖ ధర్మశాస్త్ర సంఘం 2014లో స్త్రీపురుషులకు సమాన విధులని చెప్పే తీర్పును ఆమోదించింది. సంప్రదాయాన్ని కచ్చితంగా పాటించే ఆర్థడాక్స్ శాఖలో మాత్రం ఆ పాత సూత్రం ఇప్పటికీ అమల్లో ఉంది.